నీలిమందు బట్టీ, తడి మందారం

బట్టీ మళ్లీ గ్యాస్ కక్కుతోందన్న వార్త నాకు మొదట తెచ్చింది పక్క గది పెద్దమ్మ. మాకు చుట్టరికం ఏమీ లేదు. సూరత్‌లోని బమ్రోలిలో ఒకే గోడకు అటూ ఇటూ బతికాం, అందుకని పెద్దమ్మ అయింది. మాలాగే మగ్గాలను నమ్ముకుని సూరత్ వచ్చిన కుటుంబం ఆమెది. భర్త పోయాక ఇంట్లోనే మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ ఒంటరిగా ఉండేది. ఉబ్బసం మనిషి.

మొదటి లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీలన్నీ మూతపడినప్పుడు, ఆమె మేడమెట్లు ఆగకుండా ఎక్కడం నేను కళ్లారా చూశాను. పైకొచ్చి కండెల బుట్ట దించి, "దేవుడు రోగమిచ్చిండు గని, గాలి గూడ ఇచ్చిండు బిడ్డా" అని నవ్వేది. రోజూ సంధ్యాదీపం పెట్టి నేను ఆ మాటే తలుచుకుని దండం పెట్టుకునేదాన్ని.

ఫ్యాక్టరీలు తెరిచిన కొన్నాళ్లకు, ఒక సాయంత్రం ఆమె మా గడపలో కూలబడింది. ఊపిరి అందేదాకా మాట రాలేదు. వచ్చాక అంది కదా:

"ఏంది పిల్లా, మీ ఆయన ముక్కు గిట్ల అమ్ముకున్నడా? బట్టీ మల్ల కక్కుతాంది. అగ్గిపుల్లలు డబ్బాలకు డబ్బాలు గీసినట్టు వాసన. నాకు మెట్లెక్కుడే బందయింది."

మా ఆయన నీలిమందు ఫ్యాక్టరీలో బట్టీ ఫోర్‌మన్. తెల్లబట్టలు ఉతికాక వేసే నీలిమందే. తెల్లమట్టి, సోడా, గంధకం కలిపి రోజుల తరబడి బట్టీలో కాలిస్తే ఆ నీలం పుడుతుంది. దాంతోపాటు గొంతు పట్టేసే గ్యాసూ పుడుతుంది. సల్ఫర్ డయాక్సైడ్ అంటారట. మా ఇంట్లో మాత్రం దాన్ని గంధకం గ్యాస్ అనే అనేవాళ్లం. చిమ్నీకి పోయే ముందు దాన్ని ఒక పొడవాటి టవర్‌లోకి పంపుతారు. అక్కడ పైనుంచి కాస్టిక్ సోడా కలిపిన నీళ్లు జల్లులా పడుతుంటే గ్యాస్ ఆ నీళ్లలో కలిసిపోతుంది. నీళ్లలో బలం అయిపోతే మార్చాలి. మార్చకపోతే గ్యాస్ వచ్చింది వచ్చినట్టే ఊరి మీదికి పోతుంది.

ఎప్పుడు మార్చాలో చెప్పేది మా ఆయన ముక్కు. ఎన్నో ఏళ్లుగా అంతే. ఆయన టవర్ పక్కన నిలబడి ఒక్కసారి గాలి పీల్చి "మార్చండి" అంటే మార్చేవారు. సేటు దగ్గర్నుంచి హమాలీ దాకా అందరికీ ఆ ముక్కు మీదే నమ్మకం.

నాకూ నమ్మకమే. అందుకే పెద్దమ్మ మాట ఆయనకు చెప్పి ఊరుకున్నాను. ఆయన తేలిగ్గా నవ్వాడు. "ఎన్నడూ లేనంత సాఫ్ నడుస్తాంది. టవర్ కాడ నిలబడితే ఇంత గూడ వాసన లేదు."

అంతకుముందు మా ఇద్దరికీ కరోనా జ్వరం వచ్చి తగ్గింది. నాకు వాసనలు ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు, ఆ సంగతి చెప్పాను కూడా. ఆయన మాత్రం తనకేమీ కాలేదన్నాడు.

ఆ శుక్రవారం కర్పూరం నిండుకుంది. ఉత్త నేతివత్తితో హారతి ఇచ్చాను. ఆయన కళ్లు మూసుకుని రెండు చేతులూ మంట మీద ఉంచి కళ్లకద్దుకుని, "ఈసారి కర్పూరం అసలుది దొరికినట్టుంది. మంచిగ వాసనొస్తాంది" అన్నాడు.

పళ్లెం అక్కడే పెట్టేశాను.

"ఏందయ్యా, ఎన్ని దినాలాయె నీకు వాసన పోయి?"

ఆయన ముందు పళ్లెంలోకి చూశాడు, తరువాత నా వైపు చూశాడు. "అందరికన్న ముందుగల్ల నాకే పోయింది" అన్నాడు. "ముక్కు లేదంటే ఇగ ఫోర్‌మన్ ఏందే? సేటు ఇంటికి పొమ్మంటడు."

"నీ నౌకరీ దేవుడు చూసుకుంటడు. పెద్దమ్మ ఊపిరి ఎవలు చూసుకుంటరు?"

"గ్యాస్ పోతలేదే. నీళ్లు మంచిగనే ఉన్నయ్. ఆమెకు ఎప్పుడూ ఉండే ఆయాసమే అది."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. బట్టీ దగ్గరున్న వాళ్లందరూ కొత్తవాళ్లు. పాతవాళ్లు లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోయి తిరిగి రాలేదు. బట్టీ పని అంటే దగ్గు ఉండేదే అనుకుని వాళ్లు నోరెత్తలేదు.

అప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. నేను బడికి పోలేదు. నాలుగు అక్షరాలు ఆయన మగ్గం గుంట పక్కన కూర్చుని నేర్చుకున్నవే. పట్టునూలు తెల్లబడటానికి ఆయన దాన్ని తడిపి, పెద్ద బుట్ట కింద ఆరవేసి, గంధకం పొగ పెట్టేవాడు. ఒకసారి నా జడలోని మందారం జారి ఆ బుట్ట కింద పడింది. బుట్ట ఎత్తేసరికి ఎర్ర పువ్వు తెల్లగా వెలవెలబోయి ఉంది. నేను ఏడిస్తే, "తడి ఉంటే చాలు, గంధకం పొగ రంగును తాగేస్తది బిడ్డా" అన్నాడు తాత.

మరునాడు పొద్దున దేవుడికి కోసిన మందారాల్లో రెండు తీసి తడిగుడ్డలో చుట్టి ఆయన చేతిలో పెట్టాను. "ఒకటి టవర్ దాటినంక గ్యాస్ పోయే కాడ కట్టు. ఇంకోటి నీ కుర్సీ కాడ పెట్టుకో."

"దేవునికి పెట్టే పువ్వు బట్టీకి పెడ్తవా?"

"ఇయ్యాల దేవుడు ఆడనే ఉన్నడనుకో."

సాయంత్రం చీకటి పడకముందే ఆయన తిరిగొచ్చాడు. అరచేయి తెరిచాడు. కుర్చీ దగ్గరిది ఇంకా ఎర్రగానే ఉంది. టవర్ దగ్గరిది ఉతికి ఆరేసిన తెల్లగుడ్డలా ఉంది. పెద్దమ్మ గడపలోనే ఉంది. ఆయన ముందు ఆమె దగ్గరికి వెళ్లి, ఆ పువ్వు ఆమెకే చూపించాడు.

"ముక్కు పోయింది పెద్దమ్మా. అమ్ముకోలే."

"గా మాట జర ముందుగల్ల చెప్తే నీ సొమ్మేం పోయె" అని ఆమె ఆయన భుజం మీద ఒక్కటి వేసింది.

మర్నాడు అదే పువ్వుతో సేటు దగ్గరికి వెళ్లాడు. లెక్క తేల్చి పంపేస్తాడనే అనుకుని వెళ్లాడు. సేటు పువ్వును తిప్పి తిప్పి చూసి, తల పట్టుకుని, "అరే భాయ్, నాక్ తో మేరీ భీ గయీ! నా ముక్కు గూడ పోయింది, నేను నీ ముక్కును నమ్ముకుని కూసున్న" అన్నాడట. ఈ ముక్క మా ఆయన ఎన్నిసార్లు చెప్పినా మేం నవ్వుతూనే ఉన్నాం.

ఆ రోజే టవర్ నీళ్లు మార్చారు. రంగు మారే కాగితం ముక్కలు తెప్పించారు. గంటగంటకూ నీళ్లలో ముంచి చూసి, బలం తగ్గుతుండగానే కాస్టిక్ కలపడం మొదలుపెట్టారు. బట్టీని ఒక్కసారిగా వేడెక్కించకుండా నెమ్మదిగా కాల్చారు. అలా చేస్తే గ్యాస్ ఒకేసారి ముంచెత్తదు. దీపావళికి ముందే మొదటి టవర్ వెనకాల రెండోది నిలబెట్టారు, మొదటిదాన్ని తప్పించుకున్న గ్యాస్ దానికి చిక్కుతుంది. కాగితం చూసే పని మా ఆయనదే. ఫోర్‌మన్ ఫోర్‌మన్‌గానే ఉన్నాడు. ఇప్పటికీ ఆయనకు సగం వాసనలు తెలియవు, ఆ బట్టీ మాత్రం అప్పటికన్నా శుభ్రంగా నడుస్తోంది. ముక్కు మీద నడిచిన రోజుల్లో కూడా ఇంత బాగా నడవలేదని ఆయనే అంటాడు.

ఆ చలికాలం పెద్దమ్మ మళ్లీ మేడెక్కింది. మధ్యలో ఒక్కచోట ఆగేది, అంతే. నా మందారం కుండీ పక్కన కూర్చుని కండెలు చుట్టేది. మా ఆయన డ్యూటీ నుంచి వస్తుంటే పైనుంచే కేకేసేది: "ఫోర్‌మన్ సాబ్, నా ముక్కు కిరాయికిస్త, తీస్కపోతవా?"

రెండో విడతలో ఆ రోగం ఆమెను తీసుకుపోయింది. గ్యాస్ కాదు, రోగమే. మాకు చివరి చూపు కూడా దక్కలేదు. ఒక చలికాలమంతా ఆమె మేడ మీద గుండెనిండా గాలి పీల్చుకుంది. అంత మాత్రం ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

ఇది చదివిన మీరు తెల్లబట్టలకు నీలం పెట్టేటప్పుడు, ఆ నీళ్లు కలిపేంతసేపు మా పెద్దమ్మను తలుచుకోండి. బట్టీ కక్కుతోందని గడపలో కూర్చుని చెప్పింది ఆమె ఒక్కతే.