ఆలస్యంగా నడిచిన అచ్చంపేట బస్సు

కోడలు జడ్చర్ల దగ్గరి మందుల కంపెనీలో చేరిన రోజున నా డైరీలో రెండు వాక్యాలే ఉన్నాయి. "మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా షిఫ్టు. తల్లి వచ్చాక, పదకొండుకు పాప నిద్రపోయింది." మా మనుమరాలికి అప్పుడు రెండున్నరేళ్లు. తల్లి పక్కన లేకుండా ఒక్కనాడూ పడుకున్నది కాదు.

మర్నాడు పనికి పోతూ కోడలు మా ఆవిడకు తేల్చి చెప్పింది. "పది దినాలు చూస్త అత్తమ్మా. పిల్ల గిట్లనే ఏడ్చుకుంట కూసుంటే నౌకరి ఇడిసిపెడ్త." చదివిన చదువుకు దొరికిన మొదటి ఉద్యోగం అది. దాన్ని ఆమె వదులుకోవడం నాకు ఇష్టం లేదు.

నేను ముప్పై ఏళ్లు బస్టాండులో కంట్రోలరుగా పనిచేశాను. అన్ని బస్సులను వేళకు కదిలించినవాణ్ని, ఒక్క పిల్లను పడుకోబెట్టలేనా అనుకున్నాను. ఒక అట్ట మీద రాసి గోడకు తగిలించాను: ఏడింటికి స్నానం, ఏడున్నరకు పెరుగన్నం, ఎనిమిదికి పక్క, ఎనిమిదింబావుకు నిద్ర. పాప ఆ అట్టను పీకి, దాని మీదే కూర్చుని పెరుగన్నం తిన్నది.

మూడో రోజు ఇంకో ఉపాయం తోచింది. పక్క పరిచి, ముక్కు పట్టుకుని, మైకులో చెప్పినట్టే చెప్పాను. "మిడ్జిల్, కల్వకుర్తి మీదుగా అచ్చంపేట పోవు ఆఖరి బస్సు మరి కొద్దిసేపట్లో బయలుదేరును!" బస్సు ఊపుకు పాప నిద్రపోతుందని నా లెక్క. పాప ఒక్క ఉదుటున లేచింది. తలగడ చంకన పెట్టుకుని, తన చెప్పు ఒకటి, అవ్వ చెప్పు ఒకటి వేసుకుని వాకిట్లోకి ఉరికింది. "తాతా, దా! దా!" ఆ పూట ఐదుసార్లు అచ్చంపేట పోయి వచ్చాం.

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక గడప మీద కూలబడింది. "ఏమయ్యా, నీ నౌకరి మొత్తంల ఆఖరి బస్సు అన్నంక ఒక్కడన్న పండుకున్నడా? సంచులు వట్టుకొని ఉరుకుడే గదా!"

"మరెప్పుడు పండుకుంటరు?"

"బస్సు రాకుంటే పండుకుంటరు. నిన్ను తిట్టుకుంట తిట్టుకుంట బల్ల మీదనే ఒరుగుతరు."

నిజమే. ఆలస్యం అన్న మాట మైకులో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ప్రాణం చివుక్కుమనేది. ఇప్పుడు దాన్ని కావాలని చెప్పాలి.

మర్నాడు మంచాన్నే బస్టాండు బల్ల చేశాం. పాప చేతికి సంచి ఇచ్చి, పెద్ద లైటు ఆర్పేశాం.

"తాతా, బస్సేది?"

"ఇంక రాలే బిడ్డా. కల్వకుర్తిల టైరు పంచరైంది."

కాసేపటికి మళ్లీ, "వచ్చిందా?"

"డ్రైవరు చాయ్ తాగుతాండు."

"తాగిండా?"

"చాయ్ కాలుతాంది. ఊదుకుంట తాగుతాండు."

పాపకు విసుగొచ్చింది. "గీ బస్సు మంచిగ లేదు తాతా."

ఆ మాట ప్రయాణికుల నోట ఎన్ని వందలసార్లు విన్నానో! "లేదు బిడ్డా. జర ఒరుగు, వచ్చినంక లేపుత."

సంచి మీద తల పెట్టింది. ఎనిమిదీ నలభైకి సంచి మీద పట్టు సడలింది.

ఆ తర్వాత ఒకనాడు మిడ్జిల్ దగ్గర గొర్ల మంద అడ్డమొచ్చింది, ఇంకోనాడు కండక్టరు చిల్లర కోసం పోయి తిరిగి రాలేదు. ఏడో రోజు పాపకన్నా ముందు నేనే నిద్రపోయాను. "బస్సు రాలే తాతా, పండు" అని నాకు దుప్పటి కప్పిందట. మా ఆవిడ చెప్పింది.

పదో రోజు ఎనిమిదిన్నర దాటాక, తిండి వేళకు కోడలు ఫోను చేసింది. ఏడుపు వినిపిస్తుందేమోనని ముందు చెవి పెట్టి విన్నది. తర్వాత గుసగుసగా అడిగింది.

"పండిందా మామా?"

"పండి చానసేపాయె. నువ్వు జోరుగనే మాట్లాడు."

అవతల డబ్బా మూత తీసిన చప్పుడైంది. "గట్లయితే అత్తమ్మకు చెప్పున్రి, రేపటి సంది ఇంకో రొట్టె ఎక్కువ పెట్టుమని. గిన్ని దినాలు తినబుద్ధి కాలే. ఇయ్యాల సాల్తలే."