తెర అవతలి మంచం

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. నెల్లిమర్లలో మిల్లు ఫిట్టర్‌ని. మిషన్లకి నిమ్మకాయలు కట్టేవాళ్లని అందరి ముందూ ఎగతాళి చేసినవాణ్ణి. ఇది చదివి నన్ను ఎగతాళి చేస్తే చేయండి.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు విజయనగరంలో ఒక ఆసుపత్రి ఐసీయూలో ఉన్నాను. ఊపిరితిత్తులకి గాలి అందాలంటే బోర్లా పడుకోవాలన్నారు. నా వల్ల కాలేదు. మాస్కు ముక్కుని నొక్కేది, ఊపిరి ఆగిపోతున్నట్టుండేది. నర్సు బతిమాలితే విసుక్కున్నాను. ఆక్సిజన్ ఎనభై దాటడం లేదు. ఇలాగే ఉంటే వెంటిలేటరేనని చెప్పి డాక్టరు వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం తెర అవతలి మంచం మీంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. మెల్లగా, నవ్వుతున్నట్టు.

"బోర్లా పడన్నియ్యా. పడితే కొబ్బరి బొబ్బట్లు సేసి పెడతాను."

పసిపిల్లలు బోర్లా పడితే మన ఇళ్లలో బొబ్బట్లు చేస్తారు కదా. యాభై ఏళ్లవాడితో ఆ వేళాకోళం. నవ్వొచ్చింది. తిరిగాను. సాయంత్రానికి తొంభై చూపించింది.

మర్నాడు కూడా అదే మాట, అదే నవ్వు. మూడో రోజు తెర తీసేసి ఉంది. మంచం ఖాళీ.

ఆవిడ ఇంటికెళ్లిపోయిందా అని నర్సుని అడిగాను. చనిపోయిందంది. నేను రాకముందు నుంచీ ఆవిడ గొంతులో వెంటిలేటర్ గొట్టం ఉందట. మత్తులోనే ఉంచారట. ఒక్కసారి కూడా గొట్టం తీయలేదట.

నన్ను డిశ్చార్జి చేసిన రోజు ఆవిడ భర్త ఏవో కాగితాల కోసం వచ్చాడు. గజపతినగరంలో కిరాణా కొట్టు. ఆవిడ పక్క మంచం నాదేనని ఎవరో చెప్పారట.

"మా ఆవిడ ఆఖర్ని ఏటైనా అన్నాదా బావూ?"

నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన మిల్లువాళ్లు పక్కనే ఉన్నారు. "గొంతులో గొట్టం ఉంటే మాటెలాగొస్తాది?" అన్నాను. అతను నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

తెలివైన జవాబే. నేను చేసిన తప్పు కూడా అదే. రెండేళ్లు ఆ నమస్కారం నన్ను వదల్లేదు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్నే అతని కొట్టుకెళ్లి ఉన్నదంతా చెప్పాను. అతను, తనకి శనగపప్పు పడదని, అందుకే ఆవిడ ఎప్పుడూ కొబ్బరి బొబ్బట్లే చేసేదని చెప్పాడు. తర్వాత అడిగాడు.

"ఆ రోజే సెప్తే నీ సొమ్మేటి పోయింది బావూ?"

ఆక్సిజన్ తగ్గితే భ్రమలొస్తాయని డాక్టర్లంటారు. కావచ్చు. ఆ ఇంటి కొబ్బరి సంగతి నా భ్రమకి ఎవరు చెప్పారో వాళ్లనే చెప్పమనండి. నాకైతే తెలియదు. కానీ ఆవిడ ఏమీ అనలేదని మాత్రం ఇంక ఎవరి ముందూ చెప్పను.