రాజు ముందే చచ్చిపోయిన నాటకం

మా మామ మడకశిర దగ్గర పల్లెలో గొర్రెలు మేపుతాడు. నాటకాల్లో రాజు వేషం కడతాడు. పోయినేడు వాళ్ల నాటకమంతా వీడియో తీశాను. బుక్కరాయసముద్రంలో మా ఇంట్లో మ్యాక్ కంప్యూటరు మీద దాన్ని ఒకే ఫైలు చేస్తే నలభై జీబీ వచ్చింది. ఊరందరికీ చూపించాల్సిందేనని మామ పట్టుబట్టాడు. ఊరి బడిలో ఉన్నది విండోస్ కంప్యూటరు.

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కి పోయాను. మ్యాక్ పద్ధతిలో ఉన్న ఆ డ్రైవ్‌ను బడి కంప్యూటరు చదవలేకపోయింది. ఫార్మాట్ చేయనా అని అడుగుతోందని టీచరమ్మ చెప్పిందట. నేను నీళ్లు తాగి వచ్చేలోగా మామ సరే నొక్కేశాడు. డ్రైవ్ మొత్తం ఖాళీ.

"అంత మర్యాదగా అడిగితే కాదంటే బాగుండదు గదప్పా!" అన్నాడు.

ఇంటికొచ్చి, రెండు కంప్యూటర్లూ చదివే పద్ధతిలోకి డ్రైవ్‌ను మార్చాను. ఈసారి ఫైలు మరీ పెద్దదని మ్యాక్ మొరాయించింది. మామకు ఫోన్ చేశాను.

"డ్రైవ్‌లో జాగా లేదా?"

"బోలెడుంది మామా. కానీ ఈ పద్ధతిలో ఒక్కో ఫైలు నాలుగు జీబీలు దాటకూడదు."

"జాగా ఉండాదంటావు, పట్టదంటావు. తుంచి పెట్టు!"

వేరే పద్ధతిలో మార్చుంటే తుంచే పనే ఉండేది కాదని తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి పదకొండు ముక్కలు చేసి, 1 నుంచి 11 దాకా అంకెలే పేర్లుగా పెట్టాను.

ఆదివారం పొద్దున బడి కిటికీలకు కంబళ్లు కట్టారు. ప్రొజెక్టరు వెలుగులో గోడ మీద రాజు ప్రవేశించగానే ఈలలు. మొదటి ముక్క అయిపోగానే రాజు కత్తిపోటుకు కూలిపోయాడు.

"అప్పుడే సచ్చినాడా!" అంది అత్త.

పేర్లలో మొదటి అంకెనే చూసి వరస కట్టిన కంప్యూటరు ఒకటి తర్వాత పది, పదకొండు వేసి, ఆ తర్వాత రెండుకు వచ్చింది. మంగళహారతి అయిందని జనం లేస్తుంటే, చచ్చిన రాజు మీసం తిప్పుతూ సభకు వచ్చాడు. సిగ్గుతో ఆపబోయాను. మామ నా చొక్కా పట్టుకున్నాడు.

"ఉండనీ అల్లుడా. ఇన్నేండ్లూ సచ్చినాక ఇంటికి పోతాంటిని. ఈ పొద్దు సింహాసనమెక్కినా!"

జనం మళ్లీ కూర్చున్నారు. నాకూ నవ్వాగలేదు.

అంతా అయ్యాక, వరస సరిచేసి తెస్తానన్నాను. హార్మోనియం వాయించే పెద్దాయన అడ్డుపడ్డాడు.

"వద్దప్పా. ఆఖర్లో వచ్చే నా పాట, జనం నిద్రపోకముందే వినింది ఇదే మొదులు."