వంటింటికి ఎర్తు తీగ

పై వాటాలో ఎవరో వంటిల్లు మార్పిస్తున్నారు. గోడ కోసే మిషను చప్పుడుతో పాటు కిటికీలోంచి సిమెంటు పొడి వాసన రాగానే రూతమ్మ టీచరు గుర్తొచ్చారు. ఎనభైల నాటి మాట. పెదకాకానిలో మా పక్క స్థలంలో ఆవిడ ఇల్లు కట్టించుకుంటున్నారు. నేను కొత్త కోడలిని. టీచరుగారు ఒంటరి మనిషి, బడిలో లెక్కలు చెప్పేవారు. ఆవిడ గొంతు పెంచగా నేనెన్నడూ వినలేదు.

వంటింటి గోడలకు సిమెంటు పూత పెట్టే రోజున, మిక్సీ పెట్టే చోట ఎర్తు తీగ లేదని ఆవిడ గమనించారు. అది వేసేదాకా గోడ ముట్టుకోవద్దన్నారు. కరెంటు పనాయన నవ్వాడు. "లైటు వెలిగిద్ది, మిక్సీ తిరిగిద్ది. వంటింటికి ఇంకేం కావాలమ్మా?"

"తడిచేతుల్తో దాన్ని ముట్టుకునేది నువ్వా, నేనా?" అని గడపలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కలిపిన సిమెంటు గట్టిపడిపోతోందని మేస్త్రీ గోలపెట్టాడు. "పడనీ" అన్నారావిడ. చివరికి తీగ తెచ్చి వేశారు.

అంత పంతమెందుకని ఆ సాయంత్రం అడిగాను. ఆవిడ చెల్లెలు అత్తారింట్లో నీళ్ళు కాచే హీటరు ముట్టుకుని చనిపోయిందట. "తలరాత అన్నారమ్మా అందరూ. రాతేంటి? భూమిలోకి పోయే తీగ లేక, కరెంటు దాని ఒంట్లోంచి పోయింది."

ఆ మరుసటి ఏడాది మిరప పంట అమ్మాక మా మామగారు కొత్త వంటిల్లు కట్టించారు. కరెంటు పనికి టీచరుగారింట్లో చేసిన అతనే వచ్చాడు. మళ్ళీ ఎర్తు లేదు.

"ఎర్తు వేయించకపోతే నేనిందులో వండను మామయ్యగారూ" అన్నాను. అత్తయ్య నోరు నొక్కుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో ఎవరన్నా చచ్చారా?" అన్నారాయన.

"చస్తేనే వేయిస్తారా?"

నేను మాట వెనక్కి తీసుకోలేదు. పాత వసారాలో పొగలోనే వండాను. కొత్త వంటింటికి తాళం వేసే ఉంది. చూసిపోయే చుట్టాలకు కారణం చెప్పలేక కాబోలు, ఒకరోజు మామగారే పార పట్టుకుని పెరట్లో గొయ్యి తవ్వారు. ఇనప గొట్టం పాతి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, అందులో నుంచి వంటింటికి ఎర్తు తీగ లాగించారు. నాతో మాత్రం చాలా రోజులు మాట్లాడలేదు.

టీచరుగారు వచ్చి చూశారు. మెచ్చుకోలేదు. "ఎండాకాలం ఆ గొయ్యిలో నీళ్ళు పోస్తుండు, తడి ఆరితే ఎర్తు పనిచెయ్యదు" అని వెళ్ళిపోయారు.

ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరి గృహప్రవేశానికి వెళ్ళినా నేను ముందు వంటింట్లోకే వెళ్ళి ఎర్తు వేయించారా అని అడుగుతాను. "ఎర్తు పిన్ని వచ్చింది" అని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. జవాబు చెప్పేదాకా నేనక్కడి నుంచి కదలను.