మాట రాని సలహాదారు

సంస్థలకు సలహాలు చెప్పే ఒక కన్సల్టెన్సీలో నేను కొత్తగా చేరిన రోజులవి. కోడేరు దగ్గర మహిళా రైతుల పల్లీనూనె సంఘం చీలిపోయేలా ఉందని నన్నొక్కదాన్నే పంపారు.

సమావేశం రోజు ఉదయం లేచేసరికి ఒళ్లు కాలిపోతోంది, గొంతు పూర్తిగా పోయింది. అలాగే వెళ్లి గానుగ షెడ్డులో కూర్చున్నాను. బయట ముసురు. నూనె వాసన, రేకుల మీద చినుకుల చప్పుడు, ఆడవాళ్ల కేకలు అన్నీ ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి.

"ఈ షెడ్ల ముందుగాల మా పల్లికాయ ఆరబొయ్యాలె!" అంది ఒక పెద్దావిడ.

"ఎప్పటికీ మీదేనా? మేం వేరే పడ్తం," అంటూ సంఘం అధ్యక్షురాలు లేచింది.

అందరూ తీర్పు కోసం నావైపు తిరిగారు. నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఏం చేయాలో తోచక వెళ్లి ఆ పెద్దావిడ పక్కన కూర్చుని, ఆమె ముఖంలోకే చూస్తూ ఉండిపోయాను.

కాసేపటికి ఆమె గొంతు తగ్గింది. "ఇల్లంత కురుస్తుంది బిడ్డా. కాయకు మొలకలొస్తున్నయ్. ఏడ పెట్టాలె?"

చివరికి అధ్యక్షురాలే, "గా ముచ్చట ముందే చెప్పొద్దా అక్కా? ఇండ్లు కురిసేటోళ్ల కాయనే ముందు ఆరబోద్దాం," అంది. ఎవరూ కాదనలేదు.

బయల్దేరుతుంటే ఆ పెద్దావిడ నా చేతులు పట్టుకుని, "మస్తు చెప్పినవ్ బిడ్డా," అంది.

నా ఉద్యోగంలో తెలివికంటే ముందు కావలసింది ఓపిగ్గా వినడమని నాకు ఆ ముసురులోనే తెలిసింది.