రాగి నీళ్ళు

టప్.

మూత మీద ఎవరో వేలితో కొట్టినట్టు చప్పుడు. తెల్లవారుతోంది. నరసన్నపేట బజారులో ఇంకా ఒక్క షట్టరూ లేవలేదు. మళ్ళీ టప్. పొయ్యి మీద పాలు పెట్టిన కాంతం మంట తగ్గించి ముందుగదిలోకి పరుగెత్తింది. అద్దాల తొట్టిలో మిగిలిన ఒక్క గోల్డ్‌ఫిష్ పైకి ఎగిరి మూతకు తగులుతోంది. నీళ్ళలోంచి పారిపోవాలని చూసే చేపను ఆమె అంతవరకు చూడలేదు.

కాంతం భర్త నగరేశ్వరరావుది రాగి, ఇత్తడి సామాన్ల కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు. పెళ్ళయి వచ్చిన నాటినుంచి ఆమె చేతులు చింతపండు వాసనే. కొట్లో మెరిసేదంతా ఆమె తోమినదే. ఏదీ ఆమెది కాదు. 2016లో చీపురుపల్లి స్టేషను బయట, పాలిథిన్ సంచిలో నిప్పుకణికల్లా కదులుతుంటే చూసి, కొన్ని చేపల్ని కొనుక్కొంది. తనవి అనిపించిన ప్రాణులు అవే.

ఈ వేసవిలో నగరేశ్వరరావు ఓ రాగి తాబేలు తెచ్చి తొట్టి ఇసుకలో కూర్చోబెట్టాడు. "కూర్మనాథుడు నీళ్ళలో ఉంటే ఇంటికి సలవ," అన్నాడు. మొదట, తొట్టి అద్దాన్ని పట్టుకుని ఉండే నత్తలు రాలిపోయాయి. తర్వాత చేపలు. నీళ్ళు మురికయ్యాయనుకుంది కాంతం. తాబేలును చింతపండుతో తళతళలాడేలా తోమింది. తాము తాగే నీళ్ళే, రాత్రంతా రాగి బిందెలో నిలిచినవి, తొట్టిలో పోసింది. ఆమె ఎంత శుభ్రం చేస్తే చేపలు అంత వాడిపోయాయి.

ఈ పొద్దున్న కూడా అదే చేసింది. చేపను ప్లాస్టిక్ బకెట్లో బోరునీళ్ళలోకి మార్చి, తొట్టి కడిగి, బిందె వంచింది. అంతలో బకెట్లో చేప తోక విసనకర్రలా విప్పుకుంది. అమ్మయ్య అనుకుని తొట్టిలో వదిలింది. పాలు దించి, ఇంటిపని ముగించి వచ్చేసరికి పొద్దెక్కింది, తోక మళ్ళీ ముడుచుకుంది. నోరు గాలిని తడుముతోంది. వెంటనే మళ్ళీ బకెట్లోకి తీసింది.

అప్పుడే తెరిచిన కొట్లోంచి భర్త గొంతు. పెళ్ళి సామానుకు వచ్చిన లక్ష్మణమ్మతో బేరం.

"రేత్రి ఈ బిందెలో పోసి పొద్దున్న తాగు. కడుపులో ఏ పురుగూ బతకదు."

రోజూ వినే మాటే. ఇవాళ చెవిలో ముల్లులా నిలిచింది. పురుగు బతకదు. నత్త బతకలేదు.

కాంతం చేతిని మోచేతి దాకా తొట్టిలో ముంచి తాబేలును పైకి తీసింది. నీళ్ళోడుతూ కొట్టు గుమ్మంలో నిలబడింది.

"ఏటే? దేవుణ్ని తీసీసేవేటి?"

"పూజగదిలో కూకుంటాడు. రాగి నీళ్ళే సేపల్ని సంపేస్తన్నాయండి."

నగరేశ్వరరావు ముఖం కందగడ్డయింది. "బేరం ముందరా ఈ మాట! మన కొట్లో మన రాగి విషమంటావేటే? అది సస్తే ఇంకోటి కొనుక్కో."

"ఇంకోటి ఇది కాదు కదండి."

లక్ష్మణమ్మ చేతిలో బిందె గాల్లోనే ఆగింది. "ఏటి బావా, నాను తాగొచ్చా నేదా? తేల్చి సెప్పు!"

"నీకేటవదు వదినా," కాంతమే జవాబిచ్చింది. "మొప్పలున్నోళ్ళకే కష్టం."

లక్ష్మణమ్మ పకపకా నవ్వి బిందె చంకనెత్తుకుంది. ఆయన నవ్వలేదు. "తాబేలు మళ్ళీ నీళ్ళలో ఎట్టు," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

ఆమె పెట్టలేదు. ఇసుక కూడా పారబోసి, తొట్టిని బోరునీళ్ళతో కడిగి నింపింది. చేపను వదిలి, కింద కూర్చుంది. అది పక్కకు ఒరిగినప్పుడల్లా ఆమె తల కూడా ఒరిగింది. ఎండ గోడ దిగి గడప దాటింది. భోజనానికి వచ్చిన భర్త తనే వడ్డించుకు తిని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి చేప మెల్లగా నిటారైంది. ఒక మేతగింజను నోటితో తాకి, వదిలి, మళ్ళీ అందుకుంది.

లక్ష్మణమ్మ నోట విని, మర్నాడు ఈ సంగతి అడగడానికి వచ్చిన పొరుగు మనిషిని గుమ్మం దాకా సాగనంపుతూ కాంతం అంది:

"ఆయనింకా మాటాడ్డం నేదండి. కోపం రేపో ఎల్లుండో తగ్గుతాది. అప్పటిదాకా సేపకి ఊపిరాడాల కదండి."