వేళ్లతో తిప్పిన నట్టు

1956 అక్టోబరు 13, శనివారం, మహర్నవమి. పొద్దున్న తొమ్మిదీ ఇరవై. చోడవరంలో మా ఇంటి పక్కనే ఉన్న రేకుల షెడ్డులో మా ఆయన మోటారుసైకిలు ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. నేను పీట మీద కూర్చుని ఏ పానా అడిగితే ఆ పానా అందిస్తున్నాను. సమయం ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. ఆ రోజు పది గంటలకి వర్జ్యం. ఈలోపల పూజ మొదలుపెట్టాలని మా అత్తగారు గడపలో నిలబడి ఒకసారి గడియారాన్నీ ఒకసారి మమ్మల్నీ చూస్తున్నారు.

ఆయనది ఇంజన్ల మరమ్మతు పని. రోలుగుంట నుంచి కె.కోటపాడు దాకా నూతుల మీది ఆయిలింజన్లూ, చెరుకు గానుగ ఇంజన్లూ పాడైతే ఆయన కోసమే కబురు వచ్చేది. తిరగడానికి ఒక పాత మిలటరీ మోటారుసైకిలు ఉండేది. యుద్ధం అయిపోయాక వేలం వేసిన వాటిలో కొన్నది. అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు, కాపురానికి వచ్చి ఏడాదీ ఐదు నెలలు. పనివాళ్లు ఎవరూ లేరు కాబట్టి పానాలు అందించడం నా వంతు. అందిస్తూ అందిస్తూ ఏది ఎందుకో తెలుసుకున్నాను.

ఆ ఇంజనుకి రెండు వాల్వులు. గాలీ పెట్రోలూ లోపలికి రానిచ్చే తలుపు ఒకటి, కాలిన పొగని బయటికి పంపే తలుపు ఒకటి అనుకోండి. ఆ తలుపుని కింద నుంచి పొడిచి తెరిచే కడ్డీ పేరు టాపెట్టు. టాపెట్టు తల మీద ఒక స్క్రూ ఉంటుంది. ఆ స్క్రూకీ వాల్వుకీ మధ్య సన్నటి సందు ఉండాలి, లేకపోతే తలుపు పూర్తిగా మూసుకోదు. మా ఆయన ఆ సందుని గడ్డం గీసుకునే బ్లేడులతో కొలిచేవారు. గాలి వాల్వుకి రెండు బ్లేడులు, పొగ వాల్వుకి మూడు. సందు కుదిరాక స్క్రూ జరిగిపోకుండా కింద నుంచి బిగించి పట్టుకునేది చెక్కునట్టు. ఒక పానాతో టాపెట్టుని కదలనివ్వకుండా పట్టుకుని, రెండో పానాతో నట్టు బిగించాలి. ఒక్క పానాతో అయ్యే పని కాదు, వేళ్లతో అసలే కాదు.

ఆ శనివారం ఈ పని పెట్టుకోవడం నా కోసమే. విశాఖపట్నంలో మిషను వాళ్లు నడిపే టీచరు ట్రైనింగు స్కూలు నుంచి నాకు ఉత్తరం వచ్చింది. చేరిన అమ్మాయి ఒకతె మధ్యలో మానేసింది, సీటు ఒకటి ఖాళీ ఉంది, పదిహేనో తారీకు సోమవారం పది గంటలకి సర్టిఫికెట్లతో రండి, ఇద్దరిని పిలుస్తున్నాం, ఒకరిని తీసుకుంటాం, పదిన్నర దాటాక వచ్చినవారిని చూడం అని రాశారు. మిషను వాళ్లకి దసరా సెలవులతో పని లేదు. పెళ్లయిన పిల్లని హాస్టలుకి పంపడానికి మా అత్తగారు నాలుగు రోజులు ఒప్పుకోలేదు. ఐదో రోజు పప్పు రుబ్బుతూ, "ఎల్లనీ, మనింట్లో ఒకరైనా కుర్సీలో కూకుంటారు" అన్నారు. ఆ మాట అన్న తేదీ కూడా నా దగ్గర ఉంది, అక్టోబరు 6.

ఇక శనివారానికి వస్తాను.

"ఒరే, ఇంకా ఎంతసేపురా? వర్జ్యం వచ్చేస్తంది. ఆ పానాలిలా తే, కడగాలి, పసుపెట్టాలి."

"ఒక్క నట్టుందే అమ్మా, అయిపోద్ది."

"పొద్దున్నుంచీ ఒక్క నట్టే వింటన్నాను. మీ అయ్యా అంతే. పెళ్లిపీటల మీద కూకుని ఒక్క చుట్ట కాల్చుకొస్తానన్నాడు. ముహూర్తం దాటిపోయాక వచ్చేడు."

నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వుతావేటే గుంటా? నీ పుస్తకం, పెన్నూ కూడా తే. అవీ పీట మీదెట్టాలి. ఈ రోజు రాతా లేదు, కోతా లేదు."

మా అత్తగారి లెక్క ప్రకారం పనిముట్టు ఏదైనా నవమి నాడు అమ్మవారి ముందు ఒక రాత్రి నిద్ర చెయ్యాలి. దశమి పొద్దున్న హారతి ఇచ్చి తీసేదాకా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అత్తగారు వచ్చి పానాల పళ్లెం ఎత్తుకున్నారు. ఆయన తన చేతిలో ఉన్న రెండూ కూడా అందులో పడేశారు. పొగ వాల్వు నట్టుని వేళ్లతో రెండు చుట్లు తిప్పి, "రేపు పానాలు లేచాక బిగిస్తాన్లే" అన్నారు. బండికి కూడా బొట్టు పెట్టి దండ వెయ్యాలి కదా, ఇంజను తెరిచి ఉంటే బాగుండదని మూత కూడా పెట్టేశారు.

నాకు తెలుసు. వేళ్లతో తిప్పిన నట్టు బిగించిన నట్టు కాదని తెలుసు. అత్తగారితో ఒక్క నిమిషం ఆగండి అనొచ్చు. అనలేదు. ఎందుకు అనలేదంటే, రాసుకుంటే సరిపోతుంది అనుకున్నాను. 1951 నుంచీ రోజుకి ఒక పంక్తి అయినా రాసుకోవడం నా అలవాటు. రాసుకున్నది ఎప్పుడూ మరిచిపోలేదు, కాబట్టి మరుపు నాకు రాదనే ధీమా ఉండేది. పుస్తకం కోసం చెయ్యి చాపేసరికి అది పీట మీద ఉంది. అట్ట మీద అప్పుడే పసుపు బొట్టు ఆరుతోంది.

దశమి ఆదివారం. ఎనిమిదింటికి పానాలు లేచాయి, నా పుస్తకం కూడా లేచింది. దశమి నాడు పుస్తకం తెరిస్తే మొదట శుభమైన మాటే రాయాలని మా ఇంటి పద్ధతి. శ్రీ అని రాశాను. దాని కింద రేపటి ప్రయాణానికి పట్టుకెళ్లవలసినవి రాశాను. మొత్తం పద్నాలుగు పంక్తులు వచ్చాయి. నట్టు అందులో లేదు. ఆయన పొద్దున్నే గోవాడ వైపు ఎవరిదో ఇంజను దశమి పూట ముహూర్తానికి తిప్పి రావాలని సైకిలు మీద వెళ్లి మధ్యాహ్నం వచ్చారు. వచ్చాక బండి తుడిచారు, టైర్లలో గాలి చూశారు, పెట్రోలు పోశారు. ఇంజను మూత మీద మూడు బొట్లు వరసగా ఉన్నాయి. బొట్టు పెట్టిన వస్తువు పని పూర్తయిన వస్తువులా కనిపిస్తుంది. ఇద్దరం దాన్ని చూశాం, ఇద్దరికీ ఏమీ తోచలేదు.

సోమవారం ఆరూ నలభైకి బయలుదేరాం. అనకాపల్లి పన్నెండు మైళ్లు, అక్కడి నుంచి విశాఖపట్నం ఇంకో ఇరవై. మొదటి బస్సుకి వెళ్దామని నేనంటే, "మన బండుండగా బస్సేటే? ఎనిమిదిన్నరకి దింపేస్తాను, గంటన్నర ముందు కూకుందువు గాని" అన్నారు. సంచిలో సర్టిఫికెట్లు, ఇంకో చీర, అటుకుల పొట్లం.

నాలుగైదు మైళ్లు వెళ్లాక ఇంజను చప్పుడు మారింది. ఎప్పుడూ టకటకమనే బండి మెత్తగా వెళ్తోంది. పూజ చేశాక బండి ఎంత నెమ్మదిగా ఉందో అనుకుని సంతోషించాను. ఆ నెమ్మదే జబ్బు అని అప్పుడు తెలియదు. టాపెట్టు టకటకమంటోందంటే సందు ఉన్నట్టు. చప్పుడు ఆగిందంటే స్క్రూ పైకి జరిగి సందు మూసేసినట్టు. అప్పుడు వాల్వు పూర్తిగా మూసుకోదు, నిప్పు దాని అంచుని తినేస్తూ ఉంటుంది. ఎనిమిదో మైలు దగ్గర బండి రెండు మూడుసార్లు ఢాం ఢాం అని ఆగిపోయింది. ఏడూ ఐదు.

ఆయన కిక్కు కొట్టి చూశారు. కాలికి బరువే తగలడం లేదన్నారు. ప్లగ్గు విప్పి తుడిచారు. పెట్రోలు గొట్టం ఊదారు. అరగంట గడిచింది. ఈలోగా అనకాపల్లి బస్సు వచ్చింది. దసరాకి వచ్చి తిరిగి వెళ్లేవాళ్లతో గుమ్మం దాకా నిండి ఉంది, చెయ్యెత్తినా ఆగలేదు. బెల్లం దిమ్మలతో ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. తోలే పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఏటి బాబూ, గుర్రం గడ్డి తిననంటందా?"

"వాయువు పట్టేసింది మావా, సూస్తన్నాను" అన్నారు ఈయన, తల ఎత్తకుండా.

"మా ఎద్దులకి ఇలాటియ్యేవీ లేవమ్మా. రెండు కొమ్ములు, ఒక తోక. సెడిపోడానికి ఏవీ ఎక్కువ లేదు" అని నాకేసి చెప్పి, నవ్వుకుంటూ తోలుకుపోయాడు.

ఆయన ప్లగ్గుని మళ్లీ పెడుతూ ముందు వేళ్లతో తిప్పారు, తర్వాత పానా కోసం చెయ్యి చాపారు. ఆ వేళ్లు చూడగానే నాకు గుర్తొచ్చింది.

"ఏవండీ, శనివారం నట్టు!"

"ఏ నట్టు?"

"పొగ వాల్వు నట్టు. రేపు బిగిస్తానన్నారు."

ఆయన నన్ను చూశారు, మూత వంక చూశారు. బొట్లు ఉన్న ఆ మూత విప్పారు. నట్టు పూర్తిగా వదులైపోయి ఉంది. స్క్రూ వాల్వుని ఎత్తి పట్టుకుని ఉంది. ఇంజను కాలిపోతోంది. తువ్వాలు చుట్టుకుని పట్టుకున్నా రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. మూడు బ్లేడులు పెట్టి సందు చూసి, రెండు పానాలతో బిగించేసరికి ఎనిమిదీ ఇరవై.

బండి లేచింది గాని అందులో శక్తి లేదు. వాల్వు అంచు అప్పటికే కాలిపోయింది. మిగిలిన నాలుగు మైళ్లూ మనిషి నడక కంటే కొంచెం ఎక్కువ వేగం. గట్టు వచ్చినప్పుడల్లా నేను దిగి వెనక నుంచి తోశాను. అనకాపల్లి చేరేసరికి తొమ్మిదీ ఇరవై. తెలిసినవాళ్ల కొట్లో బండి పడేసి తొమ్మిదీ ముప్పై ఐదు బస్సు ఎక్కాం. ఆ బస్సు ఎన్ని చోట్ల ఆగిందో కూడా రాసుకున్నాను. పదకొండు చోట్ల. స్కూలు మెట్లెక్కినప్పుడు గోడ గడియారం పదకొండూ పద్దెనిమిది చూపిస్తోంది.

అక్కడి పెద్ద టీచరుగారు మంచి మనిషి. నా చేతుల నలుపు, చీర అంచు మట్టి చూసి ముందు మంచినీళ్లు ఇప్పించారు.

"ఆ అమ్మాయి తొమ్మిదింటికే వచ్చి కూర్చుందమ్మా. పదిన్నర దాకా నీ కోసం చూశాం. పదీ నలభైకి సంతకం పెట్టించేశాం. దారి దూరమని తెలుసు కదా, ముందురోజే రావలసింది."

ముందురోజు దశమి అని చెప్పబోయి ఊరుకున్నాను. బండి చెడిపోయింది అన్నాను. నట్టు సంగతి చెప్పలేదు.

ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అత్తగారు మా ముఖాలు చూసి ముందు కాళ్లకి నీళ్లు పెట్టారు. తర్వాత అడిగారు. ఆయన చెప్పారు, నట్టు బిగించలేదే అని.

"ఎందుకు బిగించలేదురా?"

ఆవిడే కాసేపు లెక్క కట్టుకున్నారు.

"పానాలు నేనే అడిగేను కదా" అన్నారు. ఆ తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు పక్కనే ఉన్నావు కదే గుంటా. సెప్పొచ్చు కదా. నోరుంది కదా."

"చెబుదామనుకున్నాను అత్తా."

"అనుకుంటే నట్టు బిగుసుద్దేటే?"

కోపంగా అనలేదు. అని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి నేను జవాబు వెతుక్కున్నాను. పూజది తప్పు కాదు. ఆయనది కొంత మరుపు. నాది మరుపు కూడా కాదు. తెలిసి, చెప్పవలసిన నిమిషంలో చెప్పకుండా కాగితానికి అప్పగిద్దామనుకున్నాను. చెప్పడానికి ఐదు మాటలు చాలు, ఐదు మాటలకి ఎంత సమయం పడుతుందో లెక్క వెయ్యనక్కర్లేదు.

కొత్త వాల్వు తెప్పించి, రాపిడి పిండి రాసి నూరి కూర్చోబెట్టడానికి పన్నెండు రోజులు పట్టింది. ఆ పని అయిన రోజే ఇద్దరం కలిసి కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం. ఒక వాల్వు సందు చూసి, నట్టు బిగించి ముగించాకే రెండోది ముట్టుకోవాలి. బిగించినవాళ్లు "బిగిసింది" అని పైకి అనాలి, పానా అందించినవాళ్లు ఆ మాట వినేదాకా అక్కడి నుంచి లేవకూడదు. బిగించాక స్క్రూ మీది నుంచి నట్టు మీదికి, నట్టు మీది నుంచి టాపెట్టు మీదికి తెల్ల రంగుతో ఒకే గీత గియ్యాలి. గీత విరిగితే నట్టు కదిలినట్టు, చేత్తో తాకి చూడక్కర్లేదు. గీత గియ్యడం నా పని. ప్రతి ఆదివారం మూత తీసి చూసేదాన్ని. ఆ బండి అమ్మేసేదాకా గీత ఎప్పుడూ విరగలేదు. ఆయిలింజన్లకి కూడా ఆయన ఇదే గీత పెట్టడం మొదలుపెట్టారు. రైతులు అదేదో మంత్రం అనుకుని దాన్ని చెరిపేవారు కాదు.

మరుసటి ఏడు నవమికి పానాల పళ్లెం నేనే తీసుకెళ్లి అత్తగారి ముందు పెట్టాను. పదహారు ఉన్నాయి. ఆవిడ వెతికి సన్నటివి రెండు తీసి పక్కన పెట్టారు. నా పుస్తకం మీది పెన్సిలు కూడా తీశారు.

"ఈ మూడూ కిటికీలో పెట్టు."

పేరంటానికి వచ్చిన పక్కింటావిడ ముక్కు మీద వేలేసుకుంది. "అదేటొదినా, అన్నీ పెట్టాలి కదా?"

"అమ్మవారికి పద్నాలుగు పానాలు సాలవా?" అన్నారు మా అత్తగారు.

1957లోనూ 1958లోనూ ఆ స్కూలుకి దరఖాస్తు పెట్టాను. పిలుపు రాలేదు. 1959లో పెద్దమ్మాయి పుట్టింది, ఆ తర్వాత పెట్టలేదు.

పోయినవి: పొగ వాల్వు ఒకటి. గడువు దాటి నలభై ఎనిమిది నిమిషాలు. టీచరు ట్రైనింగు సీటు ఒకటి. చదువు పూర్తయి 1958 జూన్‌లో పనిలో చేరితే, యాభై ఐదేళ్లు నిండేదాకా చెయ్యగలిగి ఉండే ఉద్యోగం, ముప్పై నాలుగేళ్లు.